యాభై మెగాబైట్ల కొసరు

యాభై మెగాబైట్ల జాగాను ఒక్క పైసా ఇవ్వకుండా సంపాదించిన మనిషి నల్లగొండ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పట్నం నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్‌తో బేరం తెగిన తర్వాత, పని ముగిసిన తర్వాత, అతను సంచి భుజానికి తగిలించుకున్న తర్వాత రాబట్టాను. అతని చేతిలో నోట్లు పెట్టి, వాటి కొసను మాత్రం నా వేళ్ల మధ్య నుంచి వదలకుండా నిలబడ్డాను. అతను కుదరదన్నాడు. కుదిరేదాకా నేను వదల్లేదు. మూడు తరాలుగా అంగడి మీద బతికిన మా ఇంట్లో అంత గట్టిగా కొసరు అడిగినవాళ్లు నాకు ముందు లేరు. అది నాకు ఎంతకు పడిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

హాలియా బజారులో మాది కిరాణా దుకాణం. మా బాపు పప్పు జోకేటప్పుడు తక్కెడ సమానంగా నిలిచాక కూడా, కొన్నవాళ్లు సంచి మూతి మూసేవాళ్లు కాదు. అలాగే తెరిచి పట్టుకుని బాపు మొహం చూసేవాళ్లు. బాపు ఇంకో నాలుగు గింజలు వేసేవాడు. అప్పుడు మూసేవాళ్లు. జోకింది సరుకు, జోకాక పడేది మర్యాద. కొసరు పడని బేరం తెగినట్టు కాదని నేను పలకా బలపం పట్టకముందే నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. అమ్మేవాడు చెప్పేదంతా ధరే. ‘పడత లేదు’ అన్నా, ‘నాకే నష్టం’ అన్నా, ‘మీరు గనుక ఇస్తున్న’ అన్నా, అవన్నీ ధర చెప్పే పద్ధతులే తప్ప సంగతులు కావు.

తొంభైల చివర్లో బాపు దుకాణం పక్క గదిలో నేను కంప్యూటర్ పెట్టాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు తెలుగులో కొట్టి అచ్చు తీసి ఇచ్చే పని. కంప్యూటర్ కొనడానికి పట్నం పోయినప్పుడు, దాన్ని బిగించే అతను ఒక ప్రశ్న అడిగాడు. లోపల ఉండే హార్డ్ డిస్కు పన్నెండు వందల మెగాబైట్లు; దాన్ని రెండు గదులుగా చేస్తారు. ‘సీ’ అనే మొదటి గదిలో యంత్రం నడవడానికి కావలసిన విండోస్, దానిమీద పనిచేసే ప్రోగ్రాములు ఉంటాయి. ‘డీ’ అనే రెండో గదిలో మనం చేసుకున్న పని దాచుకుంటాం. సగం సగం చెయ్యమంటారా అని అతను అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. అంగడి కట్టేవాడెవడైనా సగం సగం కడతాడా?

“దుకాణం చిన్నగుండాలె, గోదాం పెద్దగుండాలె” అన్నాను. “గల్లా కాడ జాగా ఏం చేసుకుంటం?”

అతను నా మొహం ఒకసారి చూసి, సీకి నాలుగు వందలు, డీకి ఎనిమిది వందలు పెట్టాడు. నా తెలివికి ముచ్చటపడ్డాడనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి సీ నిండిపోయింది. డీలో మాత్రం ఎంత పని పోసినా అడుగు కనబడేది. తెలుగు అక్షరాలతో ఉన్న పేజీని అచ్చుకు పంపితే అది నేరుగా ప్రింటరుకు పోదు, ముందు సీలో కాసేపు దిగుతుంది. లారీకి ఎక్కించే ముందు బస్తాలు దుకాణం అరుగు మీద దింపినట్టు. అరుగు మీద జాగా లేకపోతే లారీ ఎదురుగా నిలబడి ఉన్నా ఒక్క బస్తా ఎక్కదు. ఒక పేజీ పెళ్లి పత్రిక ఎలాగో బయటికి వచ్చేది. పది పేజీలు పంపితే యంత్రం మధ్యలో బిగుసుకుపోయేది.

దీనికి అందరూ చెప్పిన మందు ఒకటే. డిస్కు మొత్తం తుడిచి, గదులు కొత్తగా కట్టి, విండోస్ మళ్లీ వేసుకోవడం. అది నాకు కుదరదు. నా తెలుగు అక్షరాలు, పేజీలు కూర్చే ప్రోగ్రాము నేను సగం ధరకు కొన్నవి. సగం ధరకు కొన్నవాటితో అసలు ఫ్లాపీలు రావు. వేసి ఇచ్చినతను ఏ ఊరికి పోయాడో తెలియదు. తుడిస్తే నా అంగడే తుడిచిపెట్టుకు పోతుంది.

ఆ రోజుల్లోనే సారు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

లెక్కల సారు. రిటైరై పదేళ్లు దాటింది. మా వెనక వీధిలో, మసీదు పక్క సందులో ఉండేవారు. మధ్యాహ్నం నమాజు చేసుకుని, అన్నం తిని, మూడు గంటలకు నా గదికి వచ్చేవారు. మెడ తిరిగేది కాదు; నన్ను చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. చేతివేళ్లు లోపలికి వంగిపోయి కలం పట్టడం ఆగిపోయింది. మునుగోడు దిక్కు ఒక ఊళ్లో పదకొండేళ్లు పనిచేసి, అక్కడి బావి నీళ్లు తాగినందుకు మిగిలిన ఒళ్లు అది. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉందని తెలిసేసరికి ఎముకలు బిగిసిపోయాయి.

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగంలో సారు చాలా ఊళ్లు తిరిగారు. బదిలీలకు కొన్ని, జనాభా లెక్కలకు కొన్ని, ఎన్నికల డ్యూటీకి, పరీక్షల డ్యూటీకి మరికొన్ని. దేవరకొండ దాటి, పాలమూరు జిల్లా అంచుల దాకా. ఏ ఊరికి పోయినా ముందు పిల్లల్ని నోరు తెరవమనేవారట. పండ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లవాణ్ణి ఏ బావి నీళ్లు తాగుతావని అడగడం, తెల్లటి పండ్లున్న పిల్లవాణ్ణి కూడా అదే అడగడం. ఒకే ఊళ్లో ఒక బావి ఎముకలు వంచుతుంది, రెండు పొలాల అవతల ఇంకో బావి ఏమీ చెయ్యదు. ఊరి వాళ్లకు రుచిలో తేడా తెలియదు. సారుకు పండ్లలో తెలిసింది.

మా హాలియాకు సాగర్ కాలువ నీళ్లున్నాయి. కాలువ ఎక్కని ఊళ్లకు లేవు. ఆ ఊళ్లలో ఏ బావి మంచిదో, ఏది కాదో ఒక చిన్న పుస్తకం వేసి, వేసవికి ముందే ఒక్కో బడికి ఒక్కో ప్రతి ఇచ్చి రావాలని సారు అనుకున్నారు. ఆయన చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. కొన్ని ఊళ్లు జ్ఞాపకం నుంచి చెప్పేవారు. సందేహం ఉంటే అంగడి రోజున ఆ దిక్కు నుంచి వచ్చిన ముసలమ్మను ఎవరినో పట్టుకుని అడిగి, మరిచిపోకముందే నా దగ్గరికి వచ్చి కొట్టించేవారు. పేజీకి రెండు రూపాయలు. మొదట నేను మూడు చెప్పి, ఆయన ఒకటిన్నర అంటే, రెండుకు తెగింది.

అయిదు నెలల్లో నలభై మూడు ఊళ్లయ్యాయి. ఒక్క పేజీ కూడా కాగితం మీదికి రాలేదు. పుస్తకం మొత్తం పంపితే యంత్రం బిగుసుకుపోతుంది, ఒక్కో పేజీ విడిగా తీస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. “అంత ఒక్కసారే తీద్దాం సారూ, జర ఆగుండ్రి” అనేవాణ్ణి. సారు ఆగారు. సంక్రాంతి పోయి చలి విరిగే రోజులు వచ్చాయి.

అప్పుడు తెలిసింది, పట్నంలో ఒకతని దగ్గర ఒక ప్రోగ్రాము ఉందని. డిస్కు తుడవకుండా, విండోస్ మళ్లీ వెయ్యకుండా, సామాను గదుల్లో ఉండగానే మధ్య గోడను జరుపుతుందట. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి పిలిపించాను. నా ఈడు మనిషే, సన్నగా, ఎక్కువ మాట్లాడడు. పొద్దున పదిగంటల బస్సు దిగి వచ్చాడు.

“ఆరు నూర్లైతయన్నా” అన్నాడు. “జరిపేదానికి మూడు నూర్లు. ఇంకో మూడు నూర్లకు, నా తాన వేరే డిస్కు ఉంది, ముందుగాల మీ సామానంత దాంట్లకు ఎక్కించి పెడ్త. తర్వాత జరుపుత.”

ఇలాంటి మాట కోసమే నేను పుట్టాను.

“సామాను గదిలుండంగనే గోడ జరుపుడే నీ విద్య అంటివి కదనే” అన్నాను. “మల్ల సామాను బయటికి తీసుడెందుకు? తీసినందుకు పైసలెందుకు? నీ విద్య మీద నీకే నమ్మకం లేదా?”

“విద్య నాదే అన్నా. కరెంటు నాది కాదు. నడుమల పోతే ఇటుండదు, అటుండదు.”

“కరెంటు మధ్యాహ్నం రెండుకు పోతది. ఈ వారం మాకు రెండు నుంచి నాలుగు. ఇప్పుడు పదే.”

అతను గోడ గడియారం చూశాడు. ఆ మూడు వందలు కొట్టేయించాను. మిగిలిన మూడు వందలను రెండు వందల యాభైకి దించాను. అతను తన ఫ్లాపీలు తీస్తూ అన్నాడు.

“ముఖ్యమైంది ఏదన్న ఉంటే కనీసం ఒక్క ఫ్లాపీల వేసుకో అన్నా. లేకుంటే ఖరాబైతవు.”

సారు ఫైలు చిన్నది. ఒక్క ఫ్లాపీలో పట్టేది, ఇంకా జాగా మిగిలేది కూడా. నా సొరుగులో ఫ్లాపీల పెట్టె ఉంది. పది ఉంటాయి, మీద మెరిసే కాగితం చుట్టి సీలు వేసి ఉంది. అమ్మకానికి తెచ్చింది. సీలు తీసిన పెట్టె మా బజారులో లూజు సరుకు. మిగతా తొమ్మిదీ ధర దిగుతాయి. అమ్మకపు పెట్టె సొంతానికి విప్పేవాడు వ్యాపారం చెయ్యలేడని మా బాపు ఎన్నోసార్లు అన్నాడు. సొరుగు మూసేశాను.

పదీ నలభైకి మొదలుపెట్టాడు. నల్లటి తెర మీద ఒక గీత, అది నిండుతున్నకొద్దీ పక్కన నూటికి ఎంత అయిందో చెప్పే అంకె పెరుగుతోంది. డీలో ఉన్న నా సామానంతా మూడు వందల మెగాబైట్ల అవతలికి జరగాలి, అప్పుడు ఖాళీ అయిన జాగా సీలో కలుస్తుంది. పన్నెండుంబావుకు అయిపోయింది. గంటా ముప్పై అయిదు నిమిషాలు. యంత్రం ఆపి తెరిచాడు. విండోస్ ఏమీ జరగనట్టే లేచింది. సీ ఏడు వందలు, డీ అయిదు వందలు. నా అక్షరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సారు ఫైలు తెరిచి చూశాను, నలభై మూడు ఊళ్లూ ఉన్నాయి. అచ్చు తియ్యడానికి సారు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆయన కళ్ల ముందే తీస్తే బాగుంటుందని.

మెకానిక్ సంచి సర్దుకున్నాడు. నేను రెండు వందల యాభై లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి, కొస వదల్లేదు.

“మరి కొసరేది?”

“ఏం కొసరన్నా?”

“ఇంకో యాభై ఇటు జరుపు. లెక్కకు ఏడు నూర్ల యాభై చెయ్యి.”

అతనికి నిజంగానే అర్థం కాలేదు. “గిది పప్పు కాదన్నా.”

“మూడు నూర్లకు తొంభై అయిదు నిమిషాలు పట్టింది. యాభైకి ఎంత? పదహారు నిమిషాలు. చాయ్ తాగే లోపల అయిపోతది.” త్రైరాశికం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. మా ఇళ్లలో పిల్లలకు మాటల కంటే అదే ముందు వస్తుంది.

“గట్ల కాదు” అన్నాడు. “గోడ జానెడు జరిపినా, బారెడు జరిపినా, అవతలి గదిల సామానంత లేపి పెట్టాల్సిందే. యాభై అన్నా, మూడు నూర్లన్నా ఒక్కటే టైం పడ్తది.”

అతను చెప్పింది నిజం. అంతకంటే తేటగా ఇంకెవరూ చెప్పలేరు. కానీ నేను పుట్టినప్పటి నుంచీ బేరాలే విన్నవాణ్ణి. నిజం చెబుతున్న మనిషి కూడా నాకు ధర చెబుతున్నట్టే వినబడ్డాడు.

“కొసరు ఇయ్యనోడు ఎప్పుడు గిసొంటి మాటే చెప్తడు” అన్నాను, నవ్వుతూ.

“రెండు దాటుతదన్నా. కరెంటు పోతది.”

“మా లైన్‌మెన్ బీడీలు మా బాపు దుకాణంలనే కొంటడు. రెండంటే రెండున్నర చేపిస్త. ఆ అర్ధగంట ఫికర్ నాది.”

నా వేళ్లు నోట్ల మీదే ఉన్నాయి. అతను వాటిని చూశాడు. తెల్లారకముందే లేచి, నిలబడి బస్సులో వచ్చిన మనిషి. సంచి దించి ఫ్లాపీ మళ్లీ పెట్టాడు. పన్నెండూ నలభై అయింది. నేను గెలిచాను.

ఒంటిగంటకు గీత పక్కన ఇరవై ఒకటి ఉంది. నా లెక్క ప్రకారం అప్పటికే అయిపోయి ఉండాలి. ఒంటిగంటన్నరకు యాభై మూడు. మెకానిక్ నావైపు చూడలేదు, నేనూ అతనివైపు చూడలేదు. స్కూటరు తీసి సబ్‌స్టేషన్‌కు పోయాను.

మా బీడీల లైన్‌మెన్ ఆరోజు లేడు, చుట్టాల చావుకు పోయాడట. ఆపరేటరు కుర్చీలో నాకు తెలియని మనిషి. బయట చెట్టు కింద నలుగురు రైతులు కూర్చుని ఉన్నారు. ఊరికి కోత పెడితేనే బోర్ల మోటర్లకు కరెంటు వదులుతారు, దాని కోసం కాచుకుని ఉన్నారు.

“అన్నా, ఒక్క అర్ధగంట” అన్నాను. “పని నడుమల ఉంది.”

“ఏం పని?”

“కంప్యూటర్.”

చెట్టు కింద నుంచి ఒకతను నవ్వాడు. “సేటుకు డబ్బల బొమ్మ ఆగిపోతదట. మాకు మడి ఎండుతాంది.”

పావుగంట చాలన్నాను. పది నిమిషాలన్నాను. రేపు మా ఊరికి ఇంకో అర్ధగంట ఎక్కువ కొయ్యమన్నాను. బేరంలో నాకు తెలిసిన మెట్లన్నీ దిగాను. ఆపరేటరు గడియారం చూసుకుని, “వీళ్లకు ఇయ్యాల్సింది వీళ్లకు ఇయ్యాలె గద సేటు” అన్నాడు, కోపం లేకుండా. రైతుల మొహాలు చూసి స్కూటరు తిప్పాను. వాళ్ల రెండు గంటలు వాళ్లవే.

తిరిగి వచ్చేసరికి బజారులో ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. నా గదిలోంచి యూపీఎస్ కీచుమంటోంది. అదీ నేను పాతది కొన్నదే, కొత్తదైతే అరగంట ఆగేది, ఇది పది నిమిషాలు. మెకానిక్ చేతులు ఒళ్లో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఎనభై ఏడు. ఆ కీచుమోత దగ్గర దగ్గరగా వచ్చి, ఒకటే కూతగా సాగి, ఆగింది. తెరలో నా మొహం, వెనక బజారు కనబడ్డాయి.

నాలుగింటికి కరెంటు వచ్చాక విండోస్ చక్కగా లేచింది. మాట తప్పలేదు, మళ్లీ వెయ్యాల్సిన పని పడలేదు. సీలో ఒక్క అక్షరం చెడలేదు. డీ తెరవమంటే మాత్రం, ఇక్కడ ఏమీ లేదు, కొత్తగా ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది.

మెకానిక్ డిస్కు విప్పి కాగితంలో చుట్టుకుని పట్నం తీసుకుపోయాడు. ఏదైనా తవ్వి తీయగలనేమో చూస్తానన్నాడు. ఆ రెండు వందల యాభై అతను బల్ల మీదే వదిలి పోబోతుంటే నేనే అతని జేబులో పెట్టాను.

ఆరోజు సారు మూడింటికి వచ్చి వెళ్లారు. మిషిను రిపేరులో ఉందన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడో రోజూ. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. కానీ ఆ మూడు రోజులూ ఆయన మనిషి మొత్తం తిరిగి నన్ను చూసి, “మంచిది బిడ్డా, రిపేరు కానియ్యి” అని వెనక్కి పోతుంటే, మా బాపు దుకాణంలో గిరాకీకి పుచ్చిన పప్పు కట్టి పంపినట్టుండేది.

నాలుగో రోజు డిస్కు తిరిగొచ్చింది. పెళ్లి పత్రికలు చాలావరకు దొరికాయి. సారు ఫైలులో మొదటి పదకొండు ఊళ్లు బాగున్నాయి. పన్నెండో ఊరు సగంలో తెగి, ఆ వాక్యం మధ్యలో ఎవరిదో పెళ్లి ముహూర్తం ఉంది. ఆ తర్వాత పేజీలకు పేజీలు ఖాళీ డబ్బాలు.

మూడింటికి సారు వచ్చారు. కూర్చోమని కూడా అనకుండానే చెప్పాను, ఫైలు పోయిందని.

ఆయన తనే కూర్చున్నారు. “అదే పోయిందా, నువ్వు పోగొట్టినవా?”

“నేనే పోగొట్టిన సారూ.”

“ఎట్ల?”

అంతా చెప్పాను. మూడు వందలు కొట్టేయించడం, సొరుగు మూసెయ్యడం, కొసరు, పదహారు నిమిషాలు. సబ్‌స్టేషన్ సంగతి కూడా. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. పదహారు నిమిషాల దగ్గర మాత్రం కళ్లు తెరిచారు.

“త్రైరాశికం గక్కడ చెల్లదు బిడ్డా” అన్నారు. “పది మంది ఒక బావిని పది దినాలల్ల తవ్వితే, నూరు మంది ఒక్క దినంల తవ్వుతరా? నూరుమంది అండ్ల దిగేదెట్ల? గీ లెక్క నేను ఏడో తరగతిల చెప్పేటోణ్ణి. సగం మంది ఒక్క దినం అనే రాస్తుండిరి.”

నవ్వారనుకున్నాను. కాదు. ఆయన తన వేళ్లను చూసుకుంటున్నారు.

“వేసవి ఎంత దూరంల ఉంది?”

“రెండు నెలలు, సారూ.”

“మరి కూసో. పన్నెండో ఊరు రాయి.”

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఒక పేజీ కాగానే అచ్చు తీసి ఆయన చేతికి ఇచ్చేవాణ్ణి. సీలో ఇప్పుడు జాగా ఉంది మరి. మొదటిరోజే డబ్బు వద్దన్నాను. ఆయన రెండు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టారు.

“ఒద్దు సారూ. తప్పు నాది.”

“పైసలు తీసుకోకుంటే నేనేమడుగుత? తప్పు కొడితే దిద్దు అని ఎట్ల చెప్త? తీసుకో.”

“రూపాయి ఇయ్యిండ్రి.”

“రెండు.”

“రూపాయి కంటే ఎక్కువ తీసుకోను సారూ. ఒట్టు.”

ధర తగ్గించడానికి నేను ఒట్టు పెట్టడం అదే మొదటిసారి. ఆయన ఎక్కువ ఇవ్వడానికి, నేను తక్కువ తీసుకోవడానికి కాసేపు పెనుగులాడి, రూపాయికి తెగింది.

కానీ మొదటిసారి వచ్చినట్టు రాలేదు. అయిదు నెలలుగా ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని, అంగడి రోజుల్లో మనుషుల్ని అడిగి నిర్ధారించుకున్న మాటలు అవి. ఒకసారి యంత్రంలో ఎక్కాయి కదా అని ఆయన మనసులోంచి దింపేసుకున్నారు. కొన్ని ఊళ్లకు రెండు బావులు గుర్తుకొచ్చేవి. మంచిది ఊరికి తూర్పున చింతతోపులో ఉన్నదా, తోపు దాటాక కాటమయ్య గుడి దగ్గరిదా తేల్చుకోలేకపోయేవారు. అడుగుదామంటే, పోయినసారి చెప్పిన ముసలమ్మల్లో ఒకామె ఆ చలికాలంలోనే పోయింది. ఇంకొకామె కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

“మీకు ఏది ఎక్కువ అనిపిస్తే అది రాద్దాం సారూ” అన్నాను ఒకరోజు. “ఖాళీ ఉంచుడు కంటే మంచిది గద.”

ఆయన మొత్తం తిరిగి నన్ను చూశారు. ఇన్ని నెలల్లో ఆయన గొంతు పెద్దది చేసింది అప్పుడే.

“అనిపిస్తే రాసుడేంది? తాగేది పిల్లలు. నాకు అనిపించిన నీళ్లే పదకొండేండ్లు నేను తాగిన. తెల్వకుంటే తెల్వదని రాయి.”

అలాగే రాశాను. ఊరి పేరు, దాని ఎదురుగా ‘తెలియదు, అడిగి తెలుసుకొనవలెను.’ వేసవి దగ్గరికి వచ్చేసరికి ముప్పై రెండు ఊళ్లలో ఇరవై తిరిగి నిండాయి. పన్నెండు ఖాళీగా ఉన్నాయి.

ఆదివారాలు స్కూటరు వేసుకుని ఆ పన్నెండు ఊళ్లకూ పోయాను. బావి గురించి అడిగితే బోరు చూపించేవాళ్లు. పాత బావుల్లో కొన్ని పూడిపోయాయి, కొన్నిటిలో చెత్త పోశారు, ఏది ఎవరు తాగేవాళ్లో చెప్పేవాళ్లు లేరు. నేను పిల్లల్ని నోరు తెరవమన్నాను కూడా. వాళ్లు తెరిచారు. చారలు కనబడ్డాయి, కానీ ఏ నీళ్లవో చదవడం నాకు చేతకాలేదు. అది ముప్పై ఏళ్లు చూసిన కళ్లకే తెలిసే పని. మూడు ఊళ్లలో మాత్రం పాత మనుషులు దొరికి గట్టిగా చెప్పారు. సారుకు వచ్చి చెబితే, ఆ ముగ్గురూ ఎవరో, ఎంత వయసో, నాతో ఎలా మాట్లాడారో అన్నీ అడిగి తెలుసుకుని అప్పుడు రాయించారు.

పుస్తకం వేసవి సెలవులకు ముందు రోజుల్లో వచ్చింది. ఇరవై ఎనిమిది పేజీలు, నీలం అట్ట. సారు బస్సుల్లో పోయి చేతనైనన్ని బడుల్లో ఇచ్చి వచ్చారు. చేతకాని బడులకు నేను ఇచ్చి వచ్చాను.

ఇక లెక్క. ఈసారి ఏదీ కొట్టెయ్యకుండా చెబుతాను.

మెకానిక్‌కు మొదట ఇచ్చింది రెండు వందల యాభై. డిస్కు పట్నం తీసుకుపోయి తవ్వి తెచ్చినందుకు తొమ్మిది వందలు. అతను అడిగినంతా ఇచ్చాను. దొరకని పెళ్లి పత్రికల వాళ్లకు తిరిగిచ్చిన అడ్వాన్సులు నూట అరవై. స్కూటరు పెట్రోలు రాసుకోలేదు, రాసుకోవడానికి సిగ్గేసింది. రాబడిలో, సారు దగ్గర రెండోసారి కొట్టినందుకు తీసుకున్న పదిహేడు రూపాయలున్నాయి. అవి నాకు రావలసినవి కావు, తీసుకున్నాను. సీలో పెరిగిన మూడు వందల మెగాబైట్లు మూడేళ్లు పనికొచ్చాయి, ఆ తర్వాత ఆ కంప్యూటర్‌ను పాత సామాను వాడికి ఇచ్చేశాను. ఇవన్నీ ఎప్పుడో తీరిపోయిన పద్దులు.

తీరనివి తొమ్మిది ఊళ్లు. సారుకు ఒకప్పుడు తెలిసి, నాకు చెప్పి, నేను నా చేత్తో కొట్టిన ఊళ్లు. ఆయన పోయారు. నా దగ్గర మిగిలిన ఒక్క ప్రతిలో ఆ తొమ్మిది పేర్ల ఎదురుగా ‘తెలియదు’ అనే ఉంది. ఆ వేసవిలో, ఆ తర్వాతి వేసవుల్లో ఆ ఊళ్ల పిల్లలు ఏ నీళ్లు తాగారో నేను పోయి అడగలేదు.